లేని క్లాసులున్న కాగితం

తన బడి గురించి ఎవరైనా ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడితే వెర్నా హాల్వర్సన్‌కి ఒళ్లు మండేది. పైకి మాత్రం ఏమీ అనేది కాదు. లిండెన్ ప్రెయిరీలో ఎవరూ పైకి ఏమీ అనరు. మినియాపొలిస్ శివార్లలోని ఆ ఊరి జనానికి మొహమాటం పాలు ఎక్కువ. కాలు తొక్కించుకున్నవాడే తొక్కినవాణ్ణి క్షమించమంటాడు. విందులో పళ్లెంలో మిగిలిన ఆఖరి కేకు ముక్కని ఒకరు సగం కోసుకుంటారు, తర్వాతి మనిషి ఆ సగంలో సగం, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఇంకో సగం. చివరికి గోరంత ముక్క పళ్లెంలోనే ఎండిపోతుంది కానీ దాన్ని ఖాళీ చేసిన పాపం ఎవరూ మూటగట్టుకోరు. అలాంటి ఊరి హైస్కూల్లో, కౌన్సిలింగ్ ఆఫీసులో, ముప్ఫై ఒక్క ఏళ్లుగా పిల్లల రికార్డులు చూస్తున్న మనిషి నోరు ఎంత మెత్తనిదో వేరే చెప్పాలా.

బడి మీద ఆవిడకున్న అభిమానం జీతం తీసుకున్నందుకు పుట్టింది కాదు. ఇరవై తొమ్మిదో ఏట భర్త కారు మంచు మీద జారి, ఆయన తిరిగి రాలేదు. ఇద్దరు పసిపిల్లలు. టైపింగు తప్ప ఇంకో పని రాదు. అప్పటి ప్రిన్సిపాల్ ఇంటర్వ్యూ అని పిలిచి, కాఫీ కప్పు చేతికిచ్చి, "సోమవారం రాగలవా అమ్మా?" అని ఒక్కటే ప్రశ్న అడిగాడు. ఆ చలికాలమంతా టీచర్లు వంతులేసుకుని ఆవిడ గుమ్మం ముందు మంచు ఎత్తిపోసి వెళ్లారు. ఏ రోజు ఎవరొచ్చారో ఇప్పటికీ ఆవిడకి తెలీదు. ఎవరూ చెప్పుకోలేదు మరి. పిల్లలిద్దరూ ఆ బడిలోనే చదివి, పెరిగి, ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. పొద్దున్నే పార్కింగులో కారు దిగి ఆ ఇటుక గోడల్ని చూసినప్పుడల్లా, నువ్వు చల్లగా ఉండాలి తల్లీ అని మనసులో అనుకోకుండా వెర్నా ఏనాడూ లోపలికి అడుగు పెట్టలేదు.

ఆ బడిని లోకానికి పరిచయం చేసే కాగితం ఏటా ఆవిడ చేతుల మీదుగానే తయారయ్యేది. దాన్ని ప్రొఫైల్ అంటారు. ఒకే కాగితం, రెండు వైపులా అచ్చు. బడిలో ఎంతమంది పిల్లలు, మార్కులెలా వేస్తారు, ఏయే క్లాసులు చెబుతారు, అన్నీ అందులో ఉంటాయి. కాలేజీకి దరఖాస్తు పెట్టే ప్రతి పిల్ల మార్కుల పట్టీ వెంటా అది వెళ్తుంది. అక్కడివాళ్లు ముందు దాన్ని చూసి, తర్వాత పిల్ల వంక చూస్తారు. విస్తట్లో ఏమేం వడ్డించారు, ఈ పిల్ల ఏం తింది, ఏం వదిలేసింది అని చూడటమన్నమాట. ఆగస్టు నెలలో వెర్నా ఆ కాగితం ముందు కూర్చుందంటే పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నట్టే ఉండేది. అంచులకి నీలం గీతలు, మూలన బడి గుర్తయిన కొంగ బొమ్మ, ఎక్కడా ఒక అచ్చుతప్పు ఉండటానికి వీల్లేదు.

డిసెంబరులో, శీతాకాలం సెలవులకి మూడు రోజుల ముందు, పిల్లలకి పై చదువుల దారి చెప్పే కౌన్సిలర్ డ్వైట్ పెల్టోలా వచ్చి ఆవిడ బల్ల దగ్గర నిలబడ్డాడు. నాలుగొందల మంది పిల్లల్ని ఒంటి చేత్తో చూసుకునే మనిషికి ఎక్కడా నిలబడే తీరిక ఉండదు. నిలబడ్డాడంటేనే ఏదో అయిందని అర్థం.

"మన కియాని ఆగమన్నారు," అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవరు, ఆ తూర్పువైపు ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు. రమ్మనలేదు, వద్దనీ అనలేదు. మార్చిలో చెబుతారట."

వెర్నా కుర్చీలో వెనక్కి వాలింది. కియా థావ్ ఆ ఏడు బడి విడిచి వెళ్లబోయే పిల్లల్లో ఒకతి. లెక్కల టీచరు తన లెక్కలు సరిచూసుకోవడానికి ఆ పిల్ల దగ్గరికి వెళ్తాడని బడిలో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. తండ్రి వెన్నుపూస ఆపరేషన్ అయ్యి ఇంటి పట్టునే ఉన్నాడు. తల్లి యేర్ మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేస్తుంది. ఆ కాలేజీవాళ్లు చేర్చుకుంటే చదువూ తిండీ బసా అంతా వాళ్లదే. చేర్చుకోకపోతే కియా ఇంజనీరింగ్ మాట మర్చిపోవాల్సిందే. వెర్నా కాళ్ల దగ్గరున్న చెక్క పీట కూడా ఆ పిల్ల చేసిందే. పొట్టి మనిషి కావడంతో పై అరలోని పెట్టెలు అందక ఆవిడ చక్రాల కుర్చీ ఎక్కడం చూసి, "మిసెస్ హెచ్, మీరు పడితే మా మార్కుల పట్టీలు పంపేదెవరు?" అని, వడ్రంగం క్లాసులో చేసి తెచ్చి పెట్టింది.

"దాని మార్కులకి ఏం తక్కువైందట?"

"ఊరుకోలేక ఫోన్ చేశా. ఎత్తినావిడ మంచి మనిషి, పాపం, ఫైలు తెరిచి చూసింది. మార్కులు బంగారమే అంది. కానీ మీ బడిలో కాలేజీ స్థాయి పెద్ద ఫిజిక్స్ ఉంది, రెండో కాలిక్యులస్ ఉంది, ఇంజనీర్నవుతానంటూ అవి రెండూ వదిలేసి వడ్రంగం తీసుకుందేంటి, కష్టమంటే భయమా అని అడిగింది."

"పెద్ద ఫిజిక్స్ మన దగ్గరెక్కడ ఏడ్చింది?"

"నేనూ అదే అన్నా. మీ ప్రొఫైల్లో ఉందే అంది."

పెల్టోలా వెళ్లాక వెర్నా సొరుగు లాగి కాగితం తీసింది. రెండో వైపు, సైన్సు కింద ఉంది, పెద్ద ఫిజిక్స్. లెక్కల కింద రెండో కాలిక్యులస్. రెండింటి పక్కనా చిన్న చుక్క గుర్తు. కాగితం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, ఆ గుర్తుకి అర్థం: తగినంతమంది చేరినప్పుడు మాత్రమే.

ఆ చుక్కలు పెట్టింది తనే. మూడేళ్ల కిందట బడి కోసం పన్ను పెంచాలా వద్దా అని ఊళ్లో ఓటు పెట్టారు. నూట పన్నెండు ఓట్ల తేడాతో ఊరు వద్దంది. రెండు క్లాసులూ చెప్పే టీచరు పక్క ఊరి బడికి వెళ్లిపోయాడు. ఆ ఆగస్టులో ప్రొఫైల్ దిద్దుతూ వెర్నా ఆ రెండు వరసల దగ్గర చాలాసేపు ఆగింది. తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే ఊరు ఒప్పుకోలేదని చెప్పాలి. వద్దన్నవాళ్లు ఎవరో పరాయివాళ్లు కాదు, ఆదివారం చర్చిలో తన పక్కన నిలబడి పాడేవాళ్లే. పైగా తన బడి ఒక మెట్టు దిగిందని తన చేత్తోనే రాయాలి. టీచరు దొరక్కపోతాడా, మళ్లీ మొదలెట్టకపోతారా అని చుక్క పెట్టి ఊరుకుంది. మొహమాటానికి పోతే కడుపయిందన్న సామెత లిండెన్ ప్రెయిరీలో లేదు. ఉండాల్సింది.

మూడేళ్లు. ఆ మూడేళ్లలో ఆ కాగితం ఎంతమంది పిల్లల వెంట వెళ్లిందో ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేసింది. వాళ్లందరినీ కష్టానికి వెనుదీసే పిల్లలుగా చూపించింది తనేనన్నమాట.

జనవరిలో బడి తెరిచిన మొదటి రోజే వెర్నా కొత్త కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. నెలాఖరులో సగం ఏడాది మార్కులు కాలేజీలకి పంపాలి. వాటి వెంట ప్రొఫైల్ మళ్లీ వెళ్తుంది. దిద్దుకోవడానికి ఉన్నది ఆ ఒక్క అవకాశం.

ప్రిన్సిపాల్ కర్టిస్ ఆమ్‌డాల్ ఆ బడిలో చదువుకున్నవాడే. మంచివాడు. మంచివాడు కావడమే అతనితో వచ్చిన చిక్కు. కాగితం ఒకసారి చదివి, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ చదివాడు.

"వెర్నా గారూ, మీరు చెప్పేది నిజమే. కానీ ఇది మన వెబ్‌సైట్లో కూడా పెడతాం కదా. ఇల్లు కొనుక్కుందామని వచ్చేవాళ్లు మొదట చూసేది దీన్నే. ఇంటి గుట్టు రచ్చకెక్కించినట్టు ఉండదూ?"

"గుట్టేముంది, కర్టిస్? ఊరందరికీ తెలుసు. తెలియంది ఆ కాలేజీవాళ్లకే."

"ఊరిని తప్పు పట్టినట్టు ఉంటుందేమోనని."

"ఊరి పేరే ఎత్తలేదు. చదువు మళ్లీ."

అతను మళ్లీ చదివాడు. చుక్కలు లేవు. రెండు వరసల చోట మూడు వాక్యాలున్నాయి. పెద్ద ఫిజిక్స్, రెండో కాలిక్యులస్ ఈ బడిలో మూడేళ్లుగా చెప్పడం లేదు. చెప్పడానికి టీచరు లేరు. ఇవి చదవకపోవడం ఏ విద్యార్థీ కోరుకున్నది కాదు.

"కాస్త మెత్తగా రాయొచ్చేమో," అన్నాడు కర్టిస్.

"మూడేళ్లు మెత్తగానే రాశా. ఆ మెత్తదనం వల్లే కదా ఈ పిల్ల బద్ధకస్తురాలైంది."

కర్టిస్ కిటికీలోంచి బయటికి చూశాడు. పార్కింగులో మంచు తోసే బండి వెనక్కీ ముందుకీ తిరుగుతోంది. "బోర్డువాళ్లు అడిగితే ఏం చెప్పను?"

"అడగరు. మన బోర్డువాళ్లు ఎప్పుడైనా ఏదైనా అడిగారా?" అని వెర్నా కుర్చీ ముందుకి జరుపుకుంది. "నువ్వు పదకొండో తరగతిలో ఉండగా నెలకి నాలుగు సెలవు చీటీలు తెచ్చేవాడివి, మీ అమ్మ సంతకంతో. గుర్తుందా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీకు తెలుసా?"

"మీ అమ్మ తన పేరులో అక్షరం మింగి రాసే మనిషి కాదు నాయనా. హాకీ ప్రాక్టీసు ఆలస్యమై పిల్లాడు నిద్ర చాలక ఛస్తున్నాడని ఊరుకున్నా. ఆ రోజు నేను నోరు మూసుకుంటే నువ్వు బాగుపడ్డావు. అందుకని నోరు మూసుకోవడమే మంచితనం అనుకుంటూ వచ్చా. ఇక్కడ మూసుకుంటే బాగుపడేది ఎవరూ లేరు."

కర్టిస్ చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక జేబులోంచి పెన్ను తీసి కాగితం మూలన తన పేరు రాశాడు. ఈసారి ఒక్క అక్షరం మింగలేదు.

జనవరి ఇరవై ఆరున కొత్త ప్రొఫైల్ ఆ ఏటి పిల్లలందరి మార్కుల వెంటా వెళ్లింది. కియా ఫైలుకి పెల్టోలా ఒక ఉత్తరం జోడించాడు. వెళ్లిపోయిన టీచరు అటకమీద వదిలేసిన పుస్తకాలు తెచ్చుకుని, ఆ పిల్ల మధ్యాహ్నం భోజనం వేళల్లో ఫిజిక్స్ తనంతట తాను చదువుకుంటోందని రాశాడు. ఎవరికీ తెలియని సంగతి అది. కియా చెబితేగా. వడ్రంగం టీచరు కూడా రెండు ముక్కలు రాసిచ్చాడు, ఈ పిల్ల పీట చేసే ముందు దాని మీద ఎంత బరువు పడుతుందో లెక్క కట్టింది, ముప్ఫై ఏళ్లలో ఇంకెవరూ కట్టలేదని.

ఆ తర్వాత చేసేదేమీ లేకపోయింది. ఫిబ్రవరి అంతా వెర్నా రోజూ టపా రెండేసిసార్లు తిరగేసేది. కియా మాత్రం రోజూ పలకరించి, పీట కాళ్లు కదులుతున్నాయేమో వంగి చూసి, తన మానాన తను వెళ్లిపోయేది. నీ దరఖాస్తుని వెనక్కి లాగింది నేనే అని చెబుదామని వెర్నా రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఎవరో ఒకరు లోపలికొచ్చారు. రాకపోయినా చెప్పేది కాదేమో.

మార్చి మూడో వారంలో ఒకరోజు కియా చేతిలో ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మిసెస్ హెచ్, వచ్చింది."

"ఏమొచ్చింది?"

"సీటు. అంతా వాళ్లే ఇస్తారట. ఫరవాలేదు, బానే ఉంది."

ఫరవాలేదట. లిండెన్ ప్రెయిరీ గాలి పీల్చి పెరిగిన పిల్ల అంతకంటే ఎగిరి గంతేస్తుందా. వెర్నా మాత్రం ఆ రోజుకి ఊరి మర్యాద పక్కన పెట్టి ఆ పిల్లని గట్టిగా వాటేసుకుంది. పక్క గదిలోంచి పెల్టోలా వచ్చి, ఏం చేయాలో తెలీక, ఇద్దరి భుజాలూ ఒక్కసారి తట్టి వెళ్లిపోయాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కియా తల్లి యేర్ వచ్చింది. ఫ్యాక్టరీ దుస్తుల మీదే చలికోటు వేసుకుని, రెండు చేతులతో రేకు కప్పిన పెద్ద ట్రే మోసుకొచ్చింది. ట్రే నిండా ఎగ్ రోల్స్, వంద దాకా ఉంటాయి. బల్ల మీద పెట్టి, రేకు తీసి, ఆవిరి పైకి లేస్తుంటే రెండు చేతులూ జోడించి నిలబడింది.

"పొద్దున మూడింటికి లేచి చేశాను, మేడమ్. మీరు పిల్ల కోసం కాగితం మార్చారట. పెల్టోలా గారి దగ్గర విని కియా చెప్పింది. మీకు ఏమివ్వాలో నాకు తెలీలేదు."

ఆ మాటతో వెర్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతో కాదు, సిగ్గుతో. తనది కాని దండ తన మెళ్లో పడుతున్నట్టనిపించింది. ఈసారి గుమ్మంలో ఎవరూ లేరు.

"కూర్చోండి, యేర్ గారూ," అంది. "మీకొక మాట చెప్పాలి. ఆ కాగితంలో తప్పు రాసింది నేనే. మూడేళ్ల బట్టీ. లేని క్లాసులు ఉన్నాయని రాశాను. దానివల్లే మొదట మీ పిల్లని ఆగమన్నారు. నేను చేసింది ఉపకారం కాదు, నా తప్పు నేను దిద్దుకున్నా, అంతే. ఇవి నేను తినకూడదు."

యేర్ కూర్చుంది.

"నాకు తెలుసు," అంది.

"కియా చెప్పిందా?"

"కియా కాదు. మా పెద్దది, షెంగ్. రెండేళ్ల కిందట అదీ ఇక్కడే చదివింది. అదీ దరఖాస్తు పెట్టింది, మూడు కాలేజీలకి. మూడూ వద్దన్నాయి. అప్పుడే కంప్యూటర్లో ఈ కాగితం చూపించింది నాకు. అమ్మా, లేని క్లాసులు ఉన్నాయని రాశారు, వెళ్లి చెబుతాను అంది. నేనే నోర్ముయ్ అన్నాను."

"ఎందుకు?" అంది వెర్నా.

"మేం ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు ఇక్కడి మాట రాదు. పిల్లని బడిలో చేర్చే ఫారాలు నింపడం రాదు. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి మీరే నింపారు అన్నీ. జనవరి నెల. షెంగ్‌కి కోటు లేదు. మీరు లోపలికెళ్లి, పిల్లలు మర్చిపోయిన బట్టల పెట్టెలోంచి ఒక ఎర్ర కోటు తెచ్చి తొడిగారు. జిప్పు పెట్టడం కూడా మీరే నేర్పారు. అంత చేసినవాళ్లకి వెళ్లి తప్పు చూపిస్తామా, మనకి విశ్వాసం లేదంటారు, ఊరుకో అన్నాను. అది ఊరుకుంది."

వెర్నాకి ఆ ఎర్ర కోటు గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ పెట్టెలోంచి ఎంతమందికి ఎన్ని కోట్లు తీసిచ్చిందో. తను మర్చిపోయిన ఒక్క కోటు కోసం ఒక తల్లి కూతురి నోరు నొక్కేసింది. తన గుమ్మం ముందు మంచు ఎత్తిపోసినవాళ్ల కోసం తను చుక్క గుర్తు పెట్టి ఊరుకుంది. ఇద్దరూ మేలు మరువని మనుషులే. ఇద్దరి మధ్యా నలిగిపోయింది మాత్రం షెంగ్.

"షెంగ్ ఇప్పుడేం చేస్తోంది?"

"ఇక్కడే, రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో రెండో ఏడు. సాయంత్రాలు మందుల షాపులో పని. పెద్ద కాలేజీకి మారాలని ఉంది దానికి. కానీ ఒకసారి పొమ్మన్నవాళ్లని మళ్లీ అడగాలంటే సిగ్గు, అడగనంటుంది."

"అడగందే అమ్మయినా పెట్టదు," అంది వెర్నా. "అలా మారేవాళ్ల ఫైల్లో కూడా మా బడి మార్కుల పట్టీ, ప్రొఫైల్ వెళ్తాయి. ఈసారి సరైనది వెళ్లాలి."

లేచి, పీటని గోడ దగ్గరికి లాగి, ఎక్కింది. పీట కిర్రుమనలేదు. పై అరలో దుమ్ము పట్టిన పెట్టెల్లో రెండేళ్ల కిందటిది వెతికి కిందికి దించింది. ఆ ఏటి ప్రొఫైల్ అందులో పైనే ఉంది, నీలం అంచులతో, కొంగ బొమ్మతో, రెండు చుక్కలతో. వెర్నా పెన్ను తీసి ఆ రెండు వరసలనీ అడ్డంగా కొట్టేసింది. పక్కన, ఆ ఏడు ఈ క్లాసులు చెప్పలేదు అని రాసి, తన పొడి అక్షరాలూ తారీఖూ వేసింది. ఆ కాగితం ఇంకెన్ని పేర్ల వెంట వెళ్లిందో, ఆ ఫైళ్లన్నీ దాని కింద పేర్చి ఉన్నాయి. వాళ్లందరికీ ఉత్తరాలు రాయాలి. అది తర్వాత.

యేర్ ట్రేని మెల్లగా ఆవిడ ముందుకి జరిపింది. "చల్లారిపోతాయి, మేడమ్."

వెర్నా ఒకటి తీసుకుంది. సగం కొయ్యలేదు, మొత్తం తినేసింది. వేళ్లు తుడుచుకుని, క్యాలెండర్ ముందుకి లాక్కుని, షెంగ్ పేరు రాయబోతూ తలెత్తింది.

"సోమవారం రాగలదా?" అని అడిగింది.